మనవరాలికి, పిస్తోలు కొనబోయే ముందు

మాధవరం నుంచి

చిరంజీవి సౌభాగ్యవతి మా బుజ్జమ్మకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, భీమవరం కలెక్టరు కార్యాలయం నుంచి నీకు ఆయుధ లైసెన్సు మంజూరైందని, ఈ నెలాఖరులోగా పిస్తోలు కొనాలని అనుకుంటున్నావని చెప్పింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. రొయ్యల పట్టుబడి ముగించుకుని తెల్లవారుజామున ఆకివీడు వైపు నుంచి వస్తుంటే, మోటారు సైకిలు మీద ఇద్దరు నీ కారును కాలువ గట్టు పొడవునా వెంటాడారన్న సంగతి కూడా నాకు నిన్ననే తెలిసింది. ఆరు నెలలుగా ఆ మాట నా దగ్గర దాచారు. ముసలివాడు కంగారు పడతాడని దాచి ఉంటారు. కంగారు పడే హక్కు నాకు లేదా తల్లీ?

ముందు కోపం వచ్చింది, తర్వాత గర్వం కలిగింది. మన ఊరిని మిలటరీ మాధవరం అని పిలుస్తారు. తరతరాలుగా ఇక్కడ ఇంటికొకరు సైన్యానికి వెళ్లారు, వెళ్తూనే ఉన్నారు. అయినా మన ఇంట ఒక ఆడపిల్ల తన పేర లైసెన్సు తెచ్చుకుని, తన సొమ్మును, తన ప్రాణాన్ని తానే కాపాడుకుంటానని నిలబడటం ఇదే మొదటిసారి. మీ మామగారి వ్యాపారాన్ని భుజాన వేసుకుని, అర్ధరాత్రి చెరువు గట్టు మీద కాటా దగ్గర నిలబడి, కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి, రైతుకు అక్కడికక్కడే సొమ్ము లెక్కపెట్టి ఇచ్చే పని ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సైన్యంలో ఇరవై రెండేళ్లు ఉన్నాను, అందులో ఎక్కువ కాలం ఆర్మరర్‌గా ఆయుధాలు విప్పి, బాగుచేసి, బిగించాను. ఆ చేతులతో నేను తెలుసుకున్నది నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

చట్టం సంగతులు నీకు తెలిసినవే కనుక వాటిని క్లుప్తంగా చెబుతాను. పిస్తోలు కొన్న వెంటనే దాని నంబరు లైసెన్సులో నమోదు చేయించు. లైసెన్సు ఐదేళ్లకు ఇస్తారు, గడువు తీరకముందే పునరుద్ధరణకు పెట్టు. తూటాలు లైసెన్సులో రాసినన్నే కొను, ప్రతి రసీదూ దాచు. ఎన్నికల సమయంలో పోలీసులు అప్పగించమంటే అప్పగించి రసీదు తీసుకో. పొరపాటున పోగొట్టుకుంటే ఆ గంటలోనే స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వు.

ఇక ఏది కొనాలన్నది. నీ లైసెన్సులో .32 బోరు అని ఉంటుంది, బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. సైన్యంలో నేను చూసిన 9 ఎంఎం పిస్తోలు నిషిద్ధ బోరు కనుక మామూలు పౌరులకు అది దొరకదు, దాని గురించి ఆలోచించకు. అయితే .32 అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. పిస్తోలుకూ రివాల్వరుకూ వేర్వేరు .32 తూటాలు ఉన్నాయి. రెండింటినీ మన వాళ్లు ఒకే పేరుతో పిలుస్తారు. రివాల్వరు తూటా పొడుగ్గా ఉండి, దాని అడుగు అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. పిస్తోలు తూటా పొట్టిది, దాన్నే 7.65 ఎంఎం అని కూడా అంటారు. 1899లో బెల్జియంలో బ్రౌనింగ్ పిస్తోలుతో పాటు వచ్చిన ఆ తూటానే ఈనాటికీ వాడుతున్నాము. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఖడ్కీ ఫ్యాక్టరీ తూటా అడుగున కె.ఎఫ్. అని, 7.65 అని చెక్కి ఉంటుంది. దుకాణంలో పెట్టె మీద రాత చూసి ఊరుకోకుండా ఒక తూటాను వేళ్ల మధ్య తిప్పి, అడుగున చెక్కినది చదివి తీసుకో.

ఆడపిల్ల అనగానే చాలామంది నీకు రివాల్వరు కొనమని చెబుతారు. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమని నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వరు తెచ్చినప్పటి నుంచి ఆ సలహా మరీ ఎక్కువైంది. రివాల్వరులో ఒక మంచి గుణం ఉంది. తూటా పేలకపోతే ట్రిగ్గరు మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా తిరిగి వస్తుంది. పిస్తోలులో ఆ పేలని తూటాను స్లైడు, అంటే పైన వెనక్కీ ముందుకీ కదిలే ఇనుప తొడుగు, లాగి బయటికి తీయాలి, అది సాధన లేకుండా రాదు. కానీ రివాల్వరు చక్రం ఉబ్బెత్తుగా ఉండి బట్టల కింద దాగదు. పిస్తోలు పలకలా సన్నగా ఉండి నడుముకు అంటుకుని ఉంటుంది. రోజూ పన్నెండు గంటలు కారులో కూర్చుని, చెరువు గట్లు ఎక్కి దిగే మనిషికి అదే వీలు. నువ్వు పిస్తోలే కావాలనుకోవడం సరైన నిర్ణయమని నేనూ అంటాను, కాని ఆ సాధన బాధ్యత కూడా నీదేనని ఒప్పుకుంటేనే.

కొత్తదా, పాతదా? ఇక్కడ మాత్రం నా మాట విను. పెళ్లిళ్లలోనూ పంచాయితీల్లోనూ ఎవరో ఒక పెద్దమనిషి నీ దగ్గరకు వచ్చి, తన దగ్గర జర్మనీ పిస్తోలు ఉంది, మా తాతల నాటిది, ఇప్పుడు అలాంటిది దొరకదు అని చెబుతాడు. దొరకదన్నది నిజమే. 1980ల మధ్య నుంచి క్రీడాకారులకు తప్ప మామూలు పౌరులకు విదేశీ పిస్తోళ్లు దిగుమతి చేసుకునే వీలు పోయింది కనుక, 1929 నాటి వాల్తర్ నమూనా అయినా, అంతకు ముందటి బ్రౌనింగ్ అయినా చేతులు మారుతూ ధర పెరిగిపోయింది. ఆ ధర పనితనానికి కట్టినది కాదు, అరుదుగా దొరుకుతుందని కట్టినది. వాటిలో కొన్ని అద్భుతమైన పనితనం ఉన్నవే, కాదనను. కాని వాటి స్ప్రింగు అలసిపోతే కొత్త స్ప్రింగు దొరకదు, ఖాళీ తూటాను లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం విరిగితే లేతు మిషను మీద ఎవరో చేసి ఇచ్చినది పెట్టుకోవాలి, తూటాలు నింపే డబ్బా, అదే మ్యాగజైన్, దాని రేకు వంగితే దాన్ని కొట్టి సరిచేసుకోవాలి. అలా సరిచేసిన మ్యాగజైన్లు నా దగ్గరకు ఎన్నో వచ్చాయి. కళ్లకు నునుపుగా కనిపిస్తాయి, మూడో తూటా దగ్గర ఆగిపోతాయి. నువ్వు మన ఆయుధ కర్మాగారంలో తయారైన అశని పిస్తోలు కొత్తది తీసుకో. దానికి విడిభాగాలు దేశంలోనే ఉంటాయి. అందం తక్కువైనా పరవాలేదు.

దుకాణానికి వెళ్లినప్పుడు మొదట అది ఖాళీగా ఉందో లేదో నువ్వే చూడు. ఎలా చూడాలో కింద రాస్తాను. అది చూడకుండా ఇంకేమీ చేయకు. తర్వాత దాన్ని చేతిలో పట్టుకుని స్లైడును పూర్తిగా వెనక్కి లాగి చూడు. ఈ తరహా చిన్న పిస్తోళ్లలో తూటా పేలినప్పుడు స్లైడును పట్టి ఉంచే తాళమేదీ ఉండదు. స్లైడు బరువు, స్ప్రింగు బిగువు మాత్రమే ఆ దెబ్బను ఆపుతాయి. అందువల్ల చూడటానికి చిన్నదైనా స్ప్రింగు మొండిగా ఉంటుంది. అరచేతిని స్లైడు పైన బోర్లించి గట్టిగా పట్టుకుని, రెండు చేతులనూ ఎదురెదురుగా నెట్టాలి. పది సార్లు వరుసగా లాగగలిగితేనే అది నీ చేతికి తగినది. రెండో సారికే వేళ్లు జారితే, దుకాణదారు ఎంత మంచివాడైనా సరే, అక్కడ పెట్టి వచ్చెయ్యి. పట్టు మార్చకుండానే బొటనవేలికి సేఫ్టీ మీట అందుతోందా అని చూసుకో. గొట్టాన్ని, అంటే బ్యారెల్‌ను, స్లైడు లోంచి విడదీయమని అడిగి వెలుతురుకు ఎత్తి లోపల చూడు, గాడులు మెరుస్తూ నున్నగా ఉండాలి. గుంటలు, చీకటి మచ్చలు, ఉంగరంలాంటి నీడ కనిపిస్తే అది వద్దు.

ఇప్పుడు, ఖాళీగా ఉందో లేదో చూడటం గురించి. ఇది చెప్పాలంటే నేను ఇంతవరకు నీకు గాని, మీ అమ్మకు గాని చెప్పని ఒక సంగతి చెప్పాలి.

1979 సంక్రాంతికి నేను సెలవు మీద ఇంటికి వచ్చాను. మీ అమ్మకు అప్పుడు ఆరేళ్లు. సార్వా ధాన్యం బస్తాలకు ఎత్తించి, మండువాలో వీధి గది గుమ్మానికి ఎదురుగా నెట్టు కట్టించాము. మా వీధిలో ఒక పెద్ద రైతు దగ్గర ఆయన తండ్రి నాటి విదేశీ పిస్తోలు ఉండేది, .32 బోరుదే, లైసెన్సు ఉన్నదే. భోగి మరునాటి పొద్దున ఆయన దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, ఒకసారి శుభ్రం చేసి పెట్టమని అడిగాడు. ఖాళీగానే ఉందని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు.

మా రెజిమెంటులో ఉన్నది బ్రౌనింగ్ తరహా 9 ఎంఎం పిస్తోలు. దానిలో మ్యాగజైన్ బయటికి తీసేస్తే ట్రిగ్గరు పనిచేయని ఏర్పాటు ఉంటుంది. ఏళ్ల తరబడి నా చేతులు దానికే అలవాటు పడ్డాయి. అయినా యూనిఫారంలో ఉన్నన్నాళ్లూ ఛాంబర్, అంటే పేలబోయే తూటా కూర్చునే చోటు, చూడకుండా నేను ఏ ఆయుధాన్నీ ముట్టలేదు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఆ పాఠం చెప్పినది కూడా నేనే. ఆ పొద్దున మాత్రం లుంగీ కట్టుకుని, వీధి గదిలో మడత కుర్చీలో కూర్చుని, పక్కన కాఫీ గ్లాసు పెట్టుకుని, పండగ ధోరణిలో ఉన్నాను. మ్యాగజైన్ తీశాను. దానిలో తూటాలు ఉన్నాయి. ఖాళీ అని చెప్పిన మనిషి మాట నిజం కాదని ఆ తూటాలే నాకు చెబుతున్నా నేను వినలేదు. మ్యాగజైన్ బయటికి వచ్చింది కనుక ఇక భయం లేదనుకున్నాను. స్ప్రింగు బిగువు చూద్దామని, మూసిన తలుపు వైపు గురి పెట్టి ట్రిగ్గరు నొక్కాను.

ఆ పిస్తోలులో మ్యాగజైన్ తీస్తే ఆగిపోయే ఏర్పాటు లేదు. ఎప్పుడో ఎక్కించి మరచిపోయిన తూటా ఒకటి ఛాంబర్‌లోనే ఉంది. చప్పుడు గదంతా నిండిపోయింది. నా చెవులు మూసుకుపోయాయి. తలుపు చెక్కలో శనగ గింజంత చిల్లు పడి, అందులోంచి మండువా వెలుతురు సన్నగా లోపలికి వచ్చింది. నేను తలుపు తీసి పరుగెత్తాను.

మీ అమ్మ నెట్టు పక్కన గచ్చకాయలు ఆడుకుంటోంది. ఆ చప్పుడు వీధిలో ఎవరో పేల్చిన టపాకాయదని అనుకుంది. నెట్టులో మూడో వరస బస్తాకు చిల్లు పడి, వడ్లు సన్నటి ధారగా కారుతున్నాయి. ఆ పిల్ల లేచి వెళ్లి, వడ్లు పోకుండా ఆ చిల్లులో చూపుడు వేలు పెట్టి, నా వైపు తిరిగి, "నాన్నా, ఎలుక కొరికింది, చూడు" అంది. చిల్లు సరిగ్గా ఆమె నుదుటి ఎత్తులో ఉంది. ఆమె కూర్చున్న చోటికి, ఆ బస్తాకు మధ్య దూరం నా చెయ్యంత.

నేను ఆమె వేలు తీసి, ఎత్తుకుని, అవునమ్మా ఎలుకే అన్నాను. సాయంత్రం ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లి, పిస్తోలు ఆయన చేతిలో పెట్టి, నోటికి వచ్చినట్టు తిట్టాను. తప్పు నాది, తిట్లు తిన్నది ఆయన. ఆయన ఇప్పుడు లేడు, నేను క్షమాపణ కూడా చెప్పలేదు. రాత్రి మీ అమ్మమ్మకు మాత్రం నిజం చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు దబ్బనం, పురికొస తీసుకుని ఆ బస్తా చిల్లు కుట్టింది, తలుపు చిల్లుకు మైనం పెట్టింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ధాన్యం ఇంటికి వచ్చినప్పుడు ఆ గోనెసంచినే ముందుగా తెచ్చి నా ముందు వేసేది. ఆమె పోయే వరకు అలాగే చేసింది. ఆ సంచి ఇప్పటికీ అటక మీద ఉంది.

కనుక తల్లీ, ఖాళీ అని ఎవరు చెప్పినా, నేను చెప్పినా, మీ ఆయన చెప్పినా నమ్మకు. పిస్తోలు చేతిలోకి వచ్చిన ప్రతిసారీ, మనుషులు లేని దిక్కుకు నేల వైపు గురి ఉంచి, వేలు ట్రిగ్గరుకు దూరంగా చాపి ఉంచి, ముందు మ్యాగజైన్ బయటికి తియ్యి. ఆ తర్వాత స్లైడును పూర్తిగా వెనక్కి లాగు. ఈ వరస తారుమారు చేయకు. మ్యాగజైన్ లోపల ఉండగా స్లైడు లాగితే ఒక తూటా బయటికి పడుతుంది, స్లైడు ముందుకు వెళ్తూ మరో తూటాను ఛాంబర్‌లోకి తోసేస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీసి ఖాళీ చేశాననుకున్న మనిషి చేతిలో నిండు పిస్తోలు ఉంటుంది. స్లైడు వెనక్కి పట్టి ఛాంబర్‌లోకి చూడు, చూసి ఊరుకోకుండా చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. రాత్రి పూట, కరెంటు పోయినప్పుడు, నిద్ర మత్తులో ఉన్నప్పుడు కళ్లు మోసం చేస్తాయి. ఒకసారి చూసి పక్కన పెట్టి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ తీసుకుంటే, మళ్లీ మొదటి నుంచి చూడు. ఇది నీకు చాదస్తంగా కనిపిస్తే ఆ చాదస్తం నా నుంచి వచ్చిన ఆస్తి అనుకో.

కొన్న తర్వాత దాన్ని నమ్మే ముందు పరీక్షించాలి. అనుమతి ఉన్న రైఫిల్ క్లబ్బు రేంజిలో, శిక్షకుడి ఎదుట, కనీసం యాభై తూటాలు కాల్చి చూడు. తూటాలకు లెక్క ఉంది, ఖరీదూ ఉంది, అయినా దాచుకోకు. యాభైలో ఒక్కసారి ఆగినా ఎక్కడ ఆగిందో రాసుకో. కొన్నప్పుడే రెండు మ్యాగజైన్లు తీసుకుని వాటికి ఒకటి, రెండు అని గుర్తులు పెట్టుకో. ఆగినవన్నీ రెండో నంబరు మ్యాగజైన్‌లోనే అయితే లోపం పిస్తోలుది కాదు. ఇంకో సంగతి. ఈ 7.65 తూటా అడుగు అంచు ఒంటికంటే వెంట్రుకవాసి బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి పోయి ఇరుక్కుంటే రెండూ ఒకదానికొకటి కొక్కెం వేసుకున్నట్టు బిగుసుకుపోతాయి. అప్పుడు స్లైడు ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. అందుకే నింపేటప్పుడు ప్రతి తూటా అంచు కింది దాని అంచుకు ముందు వైపు పడేలా చూసుకో. వేలితో నొక్కి పైకీ కిందికీ ఆడించి చూడు, సాఫీగా కదలాలి. తొందరలో గుప్పెడు తూటాలు కుక్కినట్టు నింపే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యి ఎత్తాలనిపిస్తుంది.

మన డెల్టా గాలి ఇనుముకు శత్రువు. నువ్వు తిరిగే చోట చెరువుల తేమ, మొగల్తూరు, నరసాపురం వైపు వెళ్తే ఉప్పు గాలి, దానికి తోడు నడుము దగ్గర చెమట. వారానికి ఒకసారి తుడవాలి, వర్షాకాలంలో రెండు రోజులకు ఒకసారి. తోలు ఒరలో పెట్టి మోయవచ్చు, కానీ తోలు ఒరలోనే దాచకూడదు, తోలు తేమను పీల్చుకుని ఇనుముకు పూస్తుంది. ఆయుధాల నూనె మాత్రమే వాడు. మన వైపు తలకూ కొబ్బరినూనే, తాళం కప్పకూ కొబ్బరినూనే. కోనసీమ నుంచి ఒకాయన నా దగ్గరకు తెచ్చిన పిస్తోలులో ధనుర్మాసం చలికి కొబ్బరినూనె పేరుకుని, స్లైడు నెయ్యిలో కూరుకున్నట్టు కదిలింది. నూనె ఎక్కువైనా చేటే. అది పాకి తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలదు. ఇత్తడికి చిలుము పట్టిన తూటాను వాడకు, రోజూ మోసే తూటాలను ఏడాదికోసారి రేంజిలో కాల్చేసి కొత్తవి పెట్టుకో.

మోయడం గురించి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయట తిరిగేటప్పుడు పిస్తోలు ఒరలో, ఎవరికీ కనిపించకుండా ఉండాలి. చట్టం చెప్పకపోయినా నేను అదే చెప్పేవాడిని. ట్రిగ్గరు చుట్టూ పూర్తిగా మూసే గట్టి ఒర కొని, చుడీదారు కింద వెడల్పాటి బెల్టుకు బిగించుకో. హ్యాండ్‌బ్యాగులో తాళాల గుత్తితో, పెన్నుతో, బిల్లుల పుస్తకంతో కలిపి పడేయకు. పెన్ను ట్రిగ్గరు సందులో దూరడానికి క్షణం చాలు. పైగా ఎవరైనా ముందు లాక్కునేది బ్యాగునే. మ్యాగజైన్ నింపి లోపల పెట్టుకో, ఛాంబర్ మాత్రం ఖాళీగా ఉంచు. ఛాంబర్‌లో తూటా లేకపోతే అవసరానికి ఒక క్షణం ఆలస్యమవుతుందని అనుభవజ్ఞులు వాదిస్తారు, వాళ్ల వాదనలో న్యాయం ఉంది. నీ పిల్లలు నీ నడుముకు వేలాడే వయసులో ఉన్నంత కాలం నేను ఆ న్యాయాన్ని ఒప్పుకోను. ఆ క్షణాన్ని సాధనతో సంపాదించుకో.

సంక్రాంతి మూడు రోజులూ అది పెట్టెలోనే ఉండాలి. కోడి పందేల బరుల దగ్గర జనం, తాగుడు, డబ్బు కలిసి ఉంటాయి, అక్కడ పిస్తోలు ఉన్న మనిషికి గొడవలే ఎక్కువ. పెళ్లి ఊరేగింపులో బావమరుదులు సరదాకు ఒక్కటి పేల్చమని బతిమాలతారు. 2019 సవరణ తర్వాత అలా వేడుకలకు కాల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జైలు సంగతి పక్కన పెట్టు, పైకి కాల్చిన తూటా ఏ ఇంటి పెంకు మీద దిగుతుందో ఎవరికి తెలుసు?

ఇంట్లో దాచడానికి గోడకు బిగించిన ఇనుప పెట్టె కావాలి. బీరువాలో చీరల కింద కాదు. పిల్లలకు చీరల కింద చోటే మొదట తెలుస్తుంది. తూటాలు వేరే తాళం కింద ఉండాలి, ఆ తాళం చెవి నీ మెడలో ఉండాలి. దరఖాస్తుతో పాటు భద్రంగా దాస్తానని సంతకం పెట్టి ఇచ్చావు కదా, ఆ కాగితాన్ని ఒకసారి తీసి మళ్లీ చదువు. నీ పెద్దవాడికి ఇప్పుడు ఆరేళ్లు. అందుకే ఇంతగా రాస్తున్నాను. చిన్నదానికి మూడేళ్లు కదా, ఇంకా ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటోందా?

ఇంకొక మాట, ఇది తాతగా చెబుతున్నాను. గట్టు మీద ఎవరైనా అడ్డగించి సొమ్ము అడిగితే సంచి విసిరేసి కారు ముందుకు పోనివ్వు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి, లాయరు దగ్గర కూర్చుని అర్థం చేసుకో. హక్కు ఉన్నా దానికి హద్దు కూడా ఉందని ఆయన చెబుతాడు. నాకు తెలిసిన హద్దు ఒకటే. దారి మూసుకుపోయి, పారిపోయే వీలు లేక, నీ ప్రాణానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు మాత్రమే పిస్తోలు ఒర లోంచి రావాలి. రొయ్యల సొమ్ము రెండు పంటల్లో మళ్లీ వస్తుంది. పగటి పూట చెల్లింపులు బ్యాంకు ద్వారా చేయడానికి రైతులను ఒప్పించావా? ఒప్పించగలిగినంత మందిని ఒప్పించు. నువ్వు తక్కువ నగదుతో తిరిగితే నిన్ను వెంటాడే వాళ్లకూ పని ఉండదు.

పిస్తోలు కొన్నాక, తూటాలు ఇంటి దగ్గరే తాళం వేసి, ఖాళీ పిస్తోలు ఒరలో పెట్టుకుని, లైసెన్సు వెంట ఉంచుకుని ఒక ఆదివారం ఇక్కడికి రా. కళ్లు మసకబారాయి గాని వేళ్లకు ఇంకా అన్నీ గుర్తున్నాయి. వీధి గదిలో చాప పరిచి దాన్ని విప్పి, తుడిచి, నీ చేతనే మళ్లీ బిగింపిస్తాను. కళ్లు మూసుకుని ఛాంబర్ తడిమి చూడటం వచ్చే దాకా నిన్ను భోజనానికి లేవనివ్వను. పిల్లలను ఆ రోజుకు మీ అత్తగారి దగ్గర వదిలిపెట్టు. మీ అమ్మను మాత్రం తప్పకుండా తీసుకురా. ఈ ఉత్తరం నువ్వు ఆమెకు చదివి వినిపించవద్దు. అటక మీది సంచి దింపించి ఉంచుతాను, ఎలుక కాదని ఆమెకు నేనే చెప్పాలి.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య